రంగు కింద పగులు

అన్నయ్యా,

ఆయుధపూజ మర్నాడే సాలూరులో మన షెడ్డుకి కొండల మీది ఘాటీ రోడ్డు ఎక్కాల్సిన లోడు లారీ వచ్చింది. బరువంతా మోసే కమాను పట్టీలకు కొత్త ఎర్రరంగు వేసి ఉంది. నేను గీకబోతే డ్రైవరు ఇంజను ఆపకుండానే అరిచాడు.

"పూజ సేసిన బండిని గీకేస్తావేటమ్మా?"

వినలేదు. రంగు గీకి, కిరసనాయిలు పూసి, తుడిచి, ముగ్గుపిండి చల్లాను. పగులుంటే అందులో దూరిన నూనె పిండిని తడుపుతుందని నువ్వు నేర్పిందే. కాసేపటికి వెంట్రుకంత తడిగీత తేలింది. డ్రైవరు దిగి చూశాడు. మళ్ళీ ఎక్కి ఇంజను ఆపేశాడు.

"ఇనుమైనా అలిసిపోతాది సెల్లీ. ఒక్క బరువుకి కాదు, రోజూ వంగి వంగి ఇరుగుతాది" అనేవాడివి.

ఘాటీలో నీ లారీ కమాను విరిగి నువ్వు తిరిగిరాని ఏడు, పూజకి దానికి రంగు వేసింది నేనే. గీకి చూద్దామని నువ్వంటే, పూజ చేసిన బండిని గీకకూడదన్నదీ నేనే.