అత్తకు చెప్పిన సినిమా

నువ్వు పోయి ఏడాదైంది. సినిమాకి పోదామని మీ అమ్మే అడిగింది. నిన్న సీతంపేటలో బస్సెక్కి పార్వతీపురం వెళ్లాం. ఈ నెలలో ఇది రెండోది. మొదటిదాంట్లో అన్నీ ఫైట్లే. నువ్వయితే ఈలలు వేసేవాడివి. నాకు చప్పుడు మాత్రమే గుర్తుంది.

మీ అమ్మకు తెలుగు అంతగా రాదు కదా. ఇదివరకు నువ్వు చెప్పేవాడివి, ఇప్పుడు నేనే ఆవిడ చెవిలో సవర భాషలో కథ చెబుతూ కూర్చుంటున్నాను. నిన్నటి సినిమాలో కొడుకు ఆసుపత్రిలో పడ్డాడు. డాక్టరు బయటికొచ్చి తల్లితో మెల్లగా "ఇక లాభం లేదమ్మా" అన్నాడు.

"ఏటంటన్నాడే?" అని సవరలోనే అడిగింది మీ అమ్మ.

"బతుకుతాడంటన్నాడత్తా," అన్నాను. ఎందుకలా చెప్పానో నాకే తెలియదు.

కాసేపటికి తెర మీద పాడె లేచింది. మీ అమ్మ నా వైపు తిరగలేదు.

"ఆ ముక్క నాకూ తెలుస్తాది గుంటా. మనోడు పోయిన రోజు కూడా డాక్టరు తెలుగులోనే సెప్పాడు," అంది.

నాకు ఏడుపు రాలేదు. ఆవిడకూ రాలేదు. ఆ తర్వాత ఆవిడ ఏమీ అడగలేదు, నేనూ చెప్పలేదు. లైట్లు వెలిగేదాకా తెర వైపు చూస్తూ కూర్చున్నాం. ఆ సినిమా చివరికి ఏమైందో మా ఇద్దరికీ తెలియదు.