గోదాట్లో నిలబడ్డ మీ అక్క

రాంబాబూ,

పోయినవాళ్లకు ఆఫీసు కబుర్లు రాసి వాళ్ల ప్రశాంతతను భంగపరచడం మహాపరాధమని తెలిసీ, శిరస్సు వంచి, ముల్లోకాల ఎదుట క్షమాపణ వేడుకుంటూ రాస్తున్నాను. నువ్వు పోయి నేటికి ఏడాది. హైటెక్ సిటీలో నీ కుర్చీలో కొత్త కుర్రాడు కూర్చుంటున్నాడు. నీ అంత గురక పెట్టడు.

అసలు కబురు వేరే. మీ గోదావరి లంకకు ప్రభుత్వ సాయం వచ్చింది. ఒడ్డు కోసుకుపోకుండా వట్టివేరు నాటి, మందులు కొట్టకుండా పండించి, నీటికుక్కల జోలికి పోకుండా బతికేవాళ్లకు ఇస్తారట. తోటలో నిలబడి యాప్‌లో ఫోటో పంపాలి. ఆ యాప్ మన టీమే చేసింది. నేను పరీక్షించి పాస్ కొట్టందే అది బయటికి పోదు.

మీ అక్కను ఫోటో పంపి చూడమన్నాను.

"ఒరేయ్, నేను వంగతోటలో ఉంటే మీ యాప్ గోదాట్లో ఉన్నానంటుందేంట్రా? ఈత కొట్టమంటావా?" అంది.

తప్పు యాప్‌లో పెట్టిన పాత పటానిది. వరద వచ్చినప్పుడల్లా లంక ఒక పక్క కరిగి ఇంకో పక్క పెరుగుతుందని నువ్వు చెబితే కోతలనుకునేవాణ్ణి. ఆ పటంలో మీ అక్క తోట ఇంకా నీళ్లే. అలాగే వదిలేస్తే, కొత్త ఒడ్డు మీదున్న ఎవరికీ సాయం అందదు.

ఈ సంగతి చెబితే మేనేజరు మహేశన్న భుజం తట్టాడు. "రేపే మంత్రి సారు చేతుల మీద షురూ. గా ఒక్క లంక కోసం ఆపుతమా? జర పాస్ కొట్టు తమ్మీ."

నీ తరఫున బల్ల గుద్ది గర్జించానని రాయాలని ఉంది. కానీ "సరే అన్నా" అని నవ్వాను. తర్వాత సీట్లోకి వెళ్లి ఫెయిల్ కొట్టాను.