మోత్కూర్ లాగిన్

26 మార్చి 2019

యూనిక్స్ కనిపెట్టిన మహానుభావులకు, ఉమ్మడి నల్లగొండ జిల్లా గొర్రెలకు, నాకు తొందరపడి బీటెక్ పట్టా ఇచ్చిన యూనివర్సిటీకి ముందుగా సాష్టాంగ క్షమాపణలు. ఇందులో కనిపించే ఏ ఘోరానికీ నేను బాధ్యుణ్ని కాను.

మా ఆఫీసు పని గొర్రెల బీమా. మండల సెంటర్లలోని ఆపరేటర్లు మా యూనిక్స్ సర్వర్‌లోకి లాగిన్ అయి క్లెయిములు ఎక్కిస్తారు. ఒకేసారి పన్నెండు మందికే జాగా. కరెంటు పోతే మనిషి పోతాడు, పేరు మాత్రం లోపలే కూర్చుంటుంది. ఇవాళ లోపల ఎవరున్నారో చూపే who కమాండ్ కొడితే పన్నెండు పేర్లు. ఫోన్లు చేస్తే సగం మంది ఇంట్లో అన్నం తింటున్నారు. నీ మిషన్ల దయ్యాలున్నయా ఏందయ్యా అన్నారు మేనేజర్ పరశురాం సార్. కిరాయి కూడా కడతలేవు సార్ అన్నాను.

28 మార్చి

భూతవైద్యం కుదిరింది. పేరు వెనక ప్రోగ్రాం నడుస్తుంటే బతికున్నట్టు. లేకపోతే శవం, పేరు తుడిచేయడమే. బతికున్నదాన్ని పంపాలంటే మాత్రం kill అనే కమాండ్ కొట్టాలి. హాలియా, ఆత్మకూర్ పేర్లకు అంత్యక్రియలు జరిపాను.

మోత్కూర్ ఆపరేటర్ శోభక్క ఫోన్ చేసింది. తమ్మీ, నన్ను గూడ గట్లనే పీకేస్తవేమో, జర ఫోన్ జేసి పీకు అంది. నీకు పూలదండ కూడా వేస్తానక్కా అన్నాను. నవ్వింది.

30 మార్చి, సాయంత్రం

ఈ ఏడాది క్లెయిములకు ఇవాళే ఆఖరు, అయిదింటికి బంద్. నాలుగున్నరకు పరశురాం సార్ తన రిపోర్టు కోసం లాగిన్ కాబోతే జాగా లేదు. వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డారు. మోత్కూర్ పేరు చాలాసేపటి నుంచి కదలడం లేదు. పాత రికార్డే అని తీసేశాను. సార్ లోపలికి వెళ్లారు.

వెంటనే శోభక్క ఫోన్. మల్లప్ప అనే ఆయన మందలో సగం గొర్రెలు పిడుగుపడి చచ్చాయట. ఒకదాని చెవికున్న బీమా బిళ్ల మీద నంబరు అరిగిపోతే, గొర్రెను కొన్న కాగితం తెమ్మని ఆయన్ను ఇంటికి పంపి, క్లెయిమ్ సగంలో ఆపి కూర్చుందట. ఆయన వచ్చేసరికి స్క్రీన్ పోయింది, మళ్లీ ఎక్కుదామంటే జాగా లేదట.

సిస్టమ్ హ్యాంగ్ అయిందక్కా అన్నాను.

అయిదు దాటింది.

1 ఏప్రిల్

మల్లప్ప, ఆయన భార్య గుర్వమ్మ ఆఫీసుకు వచ్చారు. ఆమె చేతిలో ప్లాస్టిక్ సంచి. అందులో బీమాకు సాక్ష్యంగా కోసిన గొర్రెల చెవులు, బిళ్లలతో సహా. ఉప్పు చల్లి తెచ్చారు, అయినా వాసన.

పరశురాం సార్ ఆ ఇద్దరి ముందే నన్నడిగారు, ఆ రోజు శోభ సీట్లో ఉందా అని. లేదు సార్, ఉత్త పేరే అన్నాను. గుర్వమ్మ నా వైపు చూసింది. ఆ పిల్ల మా ఎదురుంగనే కంప్యూటర్ల కొట్టింది సారూ, చెవులు గూడ కోసుకొస్తిమి, ఇంకేం కోసుకరావాలె అంది.

గడువు దాటిందని సార్ పంపేశారు. ఇవాళ ఏప్రిల్ ఫస్ట్ అని జోకు తట్టింది. వేయలేదు.

3 ఏప్రిల్

డ్యూటీలో లేదని శోభక్కకు మెమో. ఫోన్ చేసింది. నేను సీట్ల లేనని నువ్వే జెప్పినవట గద తమ్మీ అంది. కంప్యూటరే చెప్పిందక్కా, దాన్ని తిట్టు అన్నాను. నవ్వలేదు. సరే తీయ్ అని పెట్టేసింది.

8 ఏప్రిల్

మోత్కూర్ సెంటర్‌కు శోభక్క జాగాలో కొత్త ఆపరేటర్, పేరు పరమేష్. మల్లప్ప మిగిలిన గొర్రెల్ని అంగట్లో అమ్మేశాడని మాటల్లో అన్నాడు.

9 ఏప్రిల్

శవమైతే పేరు తుడిస్తే చాలు. ఆ రోజు నేను తీసేముందే చూశాను. శోభక్క ప్రోగ్రాం నడుస్తూనే ఉంది. వెనక సార్ ఉన్నారు. kill కొట్టాను.