కిటికీ మేకుకి వేలాడుతున్న తొడుగు

కోయంబత్తూరు,
ఆదివారం.

నాన్నగారికి, అమ్మకి,

మీ సునీత నమస్కారాలు. నేనిక్కడ బాగున్నాను, మీరందరూ కులాసాగా ఉన్నారనుకుంటున్నాను. నాన్నమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గాయా? మస్తాన్ మావయ్య బట్టలు ఉడకబెట్టే కాగు దగ్గర ఇంకా పాటలు పాడుతూనే ఉన్నారా?

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాశానేమిటని కంగారు పడకండి. ఒంట్లో బాగానే ఉంది, వేళకి తింటున్నాను. నాన్నగారు ఫోన్లో "బాగుందమ్మా" అని పెట్టేస్తారు. ఉత్తరమైతే అమ్మ రెండుసార్లు చదివి వినిపిస్తుంది.

ఇక్కడ సాయంత్రమైతే కొండల మీద నుంచి చల్లగాలి దిగుతుంది. మన గాలిలో ఉండే ఉప్పు జిగట దీనికి లేదు. హాయిగానే ఉంటుంది, ఎందుకో పరాయిగాలిలా తోస్తుంది. హాస్టల్లో రోజూ సాంబారే. మొన్న ఒక మూలికల కొట్టు ముందు నడుస్తుంటే కరక్కాయ వాసన వచ్చి అక్కడే నిలబడిపోయాను. కరక్కాయ నీళ్లలో ముంచి ఆరేసిన బట్టల మధ్య నేను దాక్కున్న వేసవి సెలవులన్నీ ఆ ఒక్క వాసనలో ఉన్నాయి. ఈ మధ్య నోట్‌బుక్ వెనక పేజీల్లో మాటలు రాసుకుంటున్నాను: అద్దకం, కాగు, కరక్కాయ. ఇక్కడ ఎవరితోనూ అనే పని పడని మాటలు. రాసుకుంటే మన పెడనలో ఉన్నట్టుంటుంది.

ఈ సెమిస్టర్లో నలుగురేసి జట్టుగా ఒక వస్తువు తయారు చెయ్యాలని చెప్పాను కదా. ఎవరిదో ఒకరి కష్టం తగ్గించేది కావాలన్నారు మేడమ్. నాకు వెంటనే గుర్తొచ్చింది, పోయిన వేసవిలో నాన్నగారు చెంచాతో అన్నం తినడం. "దొరల్లా తిందామనిపించిందమ్మా" అని నవ్వారు. రోజంతా బట్ట మీద అద్దకం అచ్చు పెట్టి, దాని మీద పిడికిలితో గుద్ది గుద్ది మణికట్టు వాచి, ముద్ద కలపలేకపోతున్నారని అమ్మ తర్వాత చెప్పింది. అందుకే గుద్దే చేతికి స్పాంజి తొడుగు చేసి పంపాం. "బ్రహ్మాండంగా ఉందమ్మా, నొప్పే లేదు" అన్నారు నాన్నగారు. ఆ మాట రిపోర్టులో రాశాం. మేడమ్ క్లాసంతటికీ చదివి వినిపించారు. ఎంత మురిసిపోయానో!

నాన్నగారూ, మీరు నాకోసం అద్దుతున్న చీర వీడియో పోయిన వారం అమ్మ పంపింది. చీర చాలా బాగుంది. తొడుగు మాత్రం మీ చేతికి లేదు. వెనకాల కిటికీ మేకుకి వేలాడుతోంది, దుమ్ము పట్టి.

ముందు ఏడుపొచ్చింది. తర్వాత ఆ వీడియోని మళ్లీ మళ్లీ విన్నాను. ధడ్, ధడ్, ధడ్. చిన్నప్పుడు పక్క గదిలో ఎక్కాలు రాసుకుంటూ విన్న చప్పుడే. మధ్యలో ఒకటి బోలుగా మోగితే మీరు "ఇది పట్టలేదు" అని గొణిగి, అచ్చు తియ్యకుండానే ఇంకో గుద్దు గుద్దేవారు. రంగు బట్టకి పట్టిందో లేదో మీకు చెప్పేది ఆ చప్పుడే. మా స్పాంజి దాన్ని మింగేసింది. మేము కొలతలు అడిగాం, బరువు అడిగాం, నొప్పెక్కడని అడిగాం. చప్పుడు గురించి ఎవరూ అడగలేదు. అది వింటూ పెరిగిన నేను కూడా.

జట్టుకి చెప్పేశాను. సెల్వి అని మదురై అమ్మాయి, మెషీన్ పనంతా తనదే. "మీ నాన్నగారు తొడుగుని చూసి మార్కులెయ్యలేదు, కూతుర్ని చూసి వేశారు" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత నలుగురం వెళ్లి రిపోర్టులోంచి "నొప్పే లేదు" అన్న మాట కొట్టేయమని మేడమ్‌ని అడిగాం. "రెండు వారాలిస్తాను. అప్పటికి తొడుగు ఆయన చేతికి ఉంటే ఫైనల్ రౌండ్‌కి పంపుతాను. మేకుకే ఉంటే ఇక్కడితో ఆపేద్దాం" అన్నారు.

ఈ పార్శిల్లో ఉన్నది కొత్తది. గుద్దే చోట గట్టి చెక్క ముక్క కుట్టాం, మెత్త మణికట్టు చుట్టూనే ఉంచాం. చప్పుడు వస్తుందని మా ఊహ. నిజం తెలిసేది మీకే. ఒక్క పూట పని చేసి చూడండి. చిరాకు పుడితే తిట్టండి, చిన్నప్పుడు కరక్కాయ నీళ్ల తొట్టిలో చెప్పులు పడేసినప్పుడు తిట్టినట్టు. నాకోసం మాత్రం బాగుందనకండి. మీరు మళ్లీ చేత్తో ముద్ద కలుపుకోవాలని మొదలుపెట్టిన పని ఇది. మెప్పు వచ్చేసరికి ఆ సంగతే మరిచిపోయాను.

అమ్మా, వీలైతే దోసావకాయ పంపు. సెల్వికి మాటిచ్చాను. సీసా చుట్టూ అద్దకం చెడిన గుడ్డ ముక్క ఏదైనా చుట్టు, ఉతక్కుండా. నేను బాగానే ఉన్నాను, బెంగ పెట్టుకోకు.

నాన్నమ్మకి, మస్తాన్ మావయ్యకి నా దండాలు చెప్పండి. మీ దీవెనలు నాకూ, నా జట్టుకీ కావాలి.

పార్శిల్ అందిన మర్నాడు పొద్దున్నే ఫోన్ చేస్తాను. మీరేమీ చెప్పక్కర్లేదు నాన్నగారూ. ఫోన్ బల్ల మీద పెట్టి, తొడుగు వేసుకుని పది అచ్చులు వెయ్యండి. నేను వింటాను.

మీ కూతురు,
సునీత