తెగింది కింది కాయిల్ ఒక్కటే

అత్తమ్మా,

ఓవెన్‌ను పాతసామాన్ల వానికి వేయకండి. వెనక రేకు విప్పి ఉంది, ప్లగ్గు పెట్టకండి. గిన్నెలోని స్క్రూలు కూడా పారేయకండి.

"నా కొడుకూ పాయ, వాని పెట్టె కూడా పాయ" అన్నారు నిన్న. పెట్టె పోలేదు. మీటరు పెట్టి చూశాను. పై కాయిల్ బాగుంది, కిందిది తెగింది. బడి అయ్యాక హిందూపురం వెళ్లి, పాతది చూపించి కొత్తది తెస్తాను. నేనే బిగిస్తాను.

ఏడాది తిరిగేదాకా ఇంట్లో ఏ సంబరమూ వద్దన్నారు. ఆదివారం చైత్ర పుట్టినరోజు. ఏటా వాళ్ల నాయన చేసినట్టే కేకు ఇందులోనే చేస్తాను. ఎవరైనా అడిగితే "కోడలు నా మాట ఇనల్యా" అని చెప్పండి.

ఈశ్వరి

ఆదివారం ఒక గ్లాసు పాలు ఎక్కువ పోయించుకోండి. మీ ముక్కను ఆయన పాలలో నానబెట్టే కదా ఇచ్చేవారు.