పెద్దవాళ్లే కావాలట

ఖోబర్, ఆదివారం

నన్నే సాహెబ్ మామకు అనమ్ సలాములు.

నీ పాల ఫారంలో యంత్రాల మోతకు ఫోన్లో సగం మాటలు వినబడటం లేదు. అందుకే మీ ఫారం నుంచి ఇక్కడికి లబన్, అదే మజ్జిగ, తెచ్చే డ్రైవరు ఖాజావలి లారీలో ఈ ఉత్తరం పంపుతున్నాను.

తమ్ముడు అఖీల్ సంగతి. ఇక్కడ సౌదీలో కొత్తగా ఐస్ హాకీ, అంటే మంచు మీద ఆడే హాకీ, లీగు పెడుతున్నారు, జీతమిచ్చి ఆడిస్తారు. శనివారం డ్రాఫ్టు, అంటే జట్లవాళ్లు వంతులవారీగా ఆటగాళ్లను ఏరుకోవడం. దానికి ముందు స్కౌటు, అంటే ఆటగాళ్లను వెతికిపెట్టే మనిషి, వచ్చి అందరి ఆటా చూశాడు. చూడటమేమిటి, టేపు పెట్టి కొలిచాడు! మనవాడు అయిదడుగుల నాలుగంగుళాలు. "సైజు చాలదు" అని రాసేశాడు. వాళ్లకు పెద్దవాళ్లే కావాలట. గురువారం ఆఖరి పరీక్ష. వీడు అన్నం కూడా సరిగా తినడం లేదు, నాకు దిగులుగా ఉంది.

నీ మేనకోడలు,
అనమ్

తా.క.: పొడుగవుతానని కర్టెన్ కడ్డీ పట్టుకుని వేలాడుతున్నాడు. ఇప్పటికి కడ్డీ మాత్రమే సాగింది.

---

అల్ ఖర్జ్, సోమవారం

అనమ్ బిడ్డకు మామ దువాలు.

పెద్దవాళ్లు కావాలన్నారంటే అందులో తప్పేముంది? పిల్లవాడి బతుకు సంగతి మాట్లాడాలంటే పెద్దవాళ్లే రావాలి. నువ్వూ మీ అమ్మా వెళ్లి ఉంటారు, ఆ వచ్చినాయన మర్యాద తెలిసిన మనిషి కాబట్టి పెదవి విరిచాడు. గురువారం నేను వస్తున్నాను. మా ఫారంలో పెద్దమనిషి సదానందం గారినీ తెస్తున్నాను. ఖర్జూరం పెట్టె కూడా తెస్తాం.

మీ మామ,
నన్నే సాహెబ్

తా.క.: సైజు చాలదన్న చొక్కా సంగతికి దిగులుపడకండి. నాది ఒకటి పంపుతున్నాను.

---

ఖోబర్, మంగళవారం

మామకు సలాములు.

అయ్యో మామా! పెద్దవాళ్లంటే వయసులో కాదు, ఒడ్డూ పొడుగూ ఉన్నవాళ్లు! ఢీకొట్టుకునే ఆట కదా, పొట్టివాళ్లు నిలబడలేరని వాళ్ల నమ్మకం. ఇది పెళ్లిచూపులు కాదు. దయచేసి రావద్దు.

అనమ్

తా.క.: నీ చొక్కాలో నేనూ అఖీలూ ఇద్దరం పట్టాం. అయినా కొలత అంతే ఉంది.

---

అల్ ఖర్జ్, బుధవారం

బిడ్డకు దువాలు.

ఒడ్డూ పొడుగూనా? ఆ మాట ముందే చెప్పొద్దూ! నేను ఆరడుగుల మూడంగుళాలు. ఇప్పుడు రాక తప్పదు.

మా ఫారంలో నలభై ఏడో నంబరు ఆవుంది. మందలో అదే పొట్టిది. కొనేటప్పుడు అందరూ వద్దన్నారు. ఇవాళ పాలలో దాన్ని మించింది లేదు. ఆ సంగతి స్కౌటుకు చెప్పి తీరతాను.

నన్నే సాహెబ్

తా.క.: ఆవు ఫోటో తెస్తున్నాను.

---

ఖోబర్, ఆదివారం

మామకు వేయి సలాములు.

నిన్న డ్రాఫ్టు అయింది. ఆఖరి వంతులో మన ఖోబర్ జట్టువాళ్లు అఖీల్ పేరు పిలిచారు! అమ్మ ఏడుస్తూనే బిర్యానీ వండింది.

గురువారం గోలుకీపరుకు జ్వరమొస్తే, తలుపులోంచి తల వంచి వస్తున్న నిన్ను చూసి స్కౌటు ఎగిరి గంతేశాడు కదా. మెత్తలు కట్టి, ఫారం బూట్లతోనే మంచు మీద నిలబెట్టాడు. వెనక గోలు కనబడలేదు, నువ్వే కనబడ్డావు. ఆరుగురు భారీ మనుషులు కొట్టినా, ఈ ఆటలో బంతిలాంటి ఆ రబ్బరు బిళ్ల నీకు తగిలి వెనక్కొచ్చింది. మనవాడొక్కడే నీ కాళ్ల సందులోంచి మూడుసార్లు కొట్టాడు. స్కౌటు "సైజు చాలదు" అన్న రాతను కొట్టేయడం నా కళ్లతో చూశాను.

అయితే నువ్వు కావాలనే వదిలావని అమ్మ అంటోంది. అఖీల్‌ను అడిగితే నవ్వి స్కేట్లు తుడుచుకుంటున్నాడు. నిజం చెప్పు మామా.

అనమ్

తా.క.: ఆవు ఫోటోను స్కౌటు పర్సులో పెట్టుకున్నాడు.

---

అల్ ఖర్జ్, మంగళవారం

అనమ్ బిడ్డకు దువాలు.

వదలడమా? నేనా? మీ అమ్మకు చిన్నప్పటినుంచీ నా మీద అనుమానమే. ఆ రోజు స్కౌటు నా పేరు రాసుకుంటుంటే, నన్నే అంటే ఉర్దూలో బుల్లివాడని పక్కవాడు చెప్పాడు. అతను మళ్లీ టేపు తీశాడు. ఇప్పుడు ప్రతి గురువారం ప్రాక్టీసుకు రమ్మంటున్నాడు. అఖీల్‌ను కడుపునిండా తినమను.

మీ మామ,
నన్నే సాహెబ్

తా.క.: ఇది అమ్మకు చదివి వినిపించకు. మొదటి రెండూ నేనే వదిలాను. మూడోదానికి ముందు వాడు నా దగ్గరకొచ్చి, "మామా, ఈ తూరి నిజంగా ఆపు. లేకుంటే నేను ఆడను" అన్నాడు. కాళ్లు దగ్గరికి పెట్టి, ఒళ్లంతా అడ్డం పెట్టి, నిజంగానే ఆపాలని చూశాను బిడ్డా. ఆపలేకపోయాను.