మూడో మనిషి చదివే ఉత్తరాలు

ఏలూరు,
4 ఫిబ్రవరి 2008

ప్రభువునందు ప్రియమైన తమ్ముడు క్రాంతికి,

అక్క దీవెనలు. నిన్న ఫిరోజ్ నెట్ సెంటరుకు వెళ్ళి నా ఈ-మెయిలు తెరిపించుకున్నాను. నీ దగ్గర నుంచి ఒక్క వాక్యమే ఉంది. "అక్కా, ఇక ఇందులో ఏమీ రాయకు, కవరులో రాయి." కారణం లేదు. పోస్టు కార్డు కూడా వద్దన్నావంటే ఎవరో చదువుతారనేగా?

జనవరిలో మన సంఘం యువజనులు పెద్దవాళ్ళందరినీ ఫిరోజ్ కొట్లో వరసగా కూర్చోబెట్టి ఈ-మెయిళ్ళు పెట్టించారు. "ఇక తమ్ముడు కొల్లేట్లో ఉన్నా పక్క గదిలో ఉన్నట్టేనండీ" అన్నారు. నమ్మాను.

రెండు శనివారాలుగా ఇంటికి రాలేదు. ఫోను చేస్తే "బాగున్నానక్కా" అని పెట్టేశావు. నీ కోసం వండిన చిక్కుడుకాయ కూర పక్కింటి పుష్పమ్మకు పెట్టాను. "తమ్ముడికి ఏమైనా సంబంధం కుదిరిందాండీ, అక్కను మరిచిపోయాడు" అని నవ్వింది. అదే అయితే బాగుండును.

ఏం జరిగిందో దాచకుండా రాయి. తెలియని దాని కోసం ప్రార్థన చేస్తున్నాను. తెలిస్తే పేరు పెట్టి చేస్తాను.

నీ అక్క,
సువార్తమ్మ

---

కొల్లేటికోట,
9 ఫిబ్రవరి

ప్రియమైన అక్కకు,

వందనాలు. నిన్ను కంగారు పెట్టకూడదనే రాయలేదు. ఫోనులో చెబుదామంటే ఇక్కడ సిగ్నలు టీ కొట్టు దగ్గరే దొరుకుతుంది. అక్కడ చెవులెక్కువ.

సరస్సులో వేసిన చేపల చెరువుల గట్లు రెండేళ్ళ కిందట ప్రభుత్వం వాళ్ళు తెంచేశారు కదా. ఇప్పుడు ఈ పక్క మళ్ళీ వేస్తున్నారు. పొక్లెయిన్లు పెట్టి, పట్టపగలే. ఆ గట్ల వల్ల నీళ్ళు ఇటు రావడం లేదు. వలలు ఖాళీగా లేస్తున్నాయి. నా బడిలో పిల్లల తండ్రులు సగం మంది కూలికి భీమవరం పోతున్నారు. చూస్తూ ఊరుకోలేక ఫోటోలు తీశాను. శనివారాలు ఏలూరు వచ్చినప్పుడు ఫిరోజ్ కొట్లో కూర్చుని, ఈ గట్ల మీద ఫిర్యాదులు విచారించే అధికారికి ఈ-మెయిలు చేశాను. ఎవరికీ చెప్పలేదు. నీకు కూడా.

కిందటి నెల టీ తాగుతుంటే చెరువుల వాళ్ళ మేనేజరు వచ్చి పక్కన కూర్చున్నాడు. ఎంతో మర్యాదగా అన్నాడు, "మాస్టారూ, మీ ఫోటోలో మా గట్టు బాగానే పడిందండీ. ఎడమ పక్క నుంచి తీసుంటే పొక్లెయిను కూడా పూర్తిగా వచ్చేది." తర్వాత, నేను అధికారికి రాసిన వాక్యం ఒకటి అచ్చు అప్పజెప్పాడు. టీ అక్కడే వదిలేసి లేచాను.

అధికారి వైపు నుంచి పొక్కిందనుకుందామంటే, ఆయనకు ఇంకా పంపని ఫోటో గురించి కూడా వాడు మాట్లాడాడు. అది నా ఈ-మెయిలు పెట్టెలోనే ఉంది. అంటే నా పెట్టె ఎవరో తెరుస్తున్నారు. ఫిరోజ్ మీదే నా అనుమానం.

అసలు భయం ఇది కాదక్కా. పడవలో తిప్పి గట్లన్నీ చూపించింది దేవదానం. వలల మీద బతికే ముసలాయన. ఆయనే చూపించాడని పేరు పెట్టి అధికారికి ఒక ఉత్తరం రాసి, పంపాలా వద్దా తేల్చుకోలేక ఆ పెట్టెలోనే దాచాను. అది వాళ్ళ కంట పడిందో లేదో తెలియదు. నీకు ఆ ఒక్క వాక్యం ఏలూరు వచ్చిన తోటి మాస్టారి చేత, ఆయన ఈ-మెయిలు నుంచి పంపించాను; నా పెట్టె తెరిచి తీసేద్దామంటే మాత్రం నేనే ఏలూరు రావాలి. నా వెనక ఎవరైనా వస్తే మన ఇల్లు చూపించినట్టవుతుంది. అందుకే రావడం లేదు.

నీ తమ్ముడు,
క్రాంతి

---

ఏలూరు,
16 ఫిబ్రవరి

ప్రభువునందు ప్రియమైన తమ్ముడు క్రాంతికి,

నీ ఉత్తరం చదివి పొయ్యిలో పెట్టాను. నువ్వూ అలాగే చెయ్యి.

ఫిరోజ్ దగ్గరికి వెళ్ళాను. మాట చుట్టూ తిప్పి అడగడం నాకు రాదు. "నాయనా, మా తమ్ముడి ఉత్తరాలు నువ్వు చదువుతున్నావా?" అని అడిగాను.

"చదివే ఓపికే ఉంటే నేను డిగ్రీ పాసయ్యేవాణ్ణి కదండీ టీచరుగారూ" అన్నాడు.

వాళ్ళమ్మ మరియంబీ వెనక నుంచి, "ఆవిడ మొహం చూడరా ముందు. వేళాకోళాలకు వేళా పాళా లేదా?" అని కసిరింది. అప్పుడు తల దించుకుని, "లేదండీ. అలాంటి పని చేస్తే రేపు నా కొట్టు గడప ఎవరు తొక్కుతారండీ?" అన్నాడు. అతను కాదు. నాకు తెలిసింది.

నిన్న శుక్రవారం మనింట్లో ప్రార్థన కూడిక. అందరూ చాపల మీద కూర్చున్నారు. రాజరత్నం పాట ఎత్తుకున్నాడు. పాట అయ్యాక పుష్పమ్మ గోడ వైపు తిరిగి, డిసెంబరు ముప్ఫై ఒకటిన మన సంఘం గుడిలో కొత్త ఏటికి చెరొక బైబిలు వచనంగా మనం తీసుకున్న వాగ్దానపు కార్డులు బిగ్గరగా చదివింది. "ఇది అక్కగారిదండీ, ఇది తమ్ముడిది." అధ్యాయం, వచనం, అంకెలతో సహా. అందరూ ఆమేన్ అన్నారు.

నేను టీ పళ్ళెం కింద పెట్టేశాను.

నా పాస్‌వర్డ్ నా వాగ్దానమే, క్రాంతీ. మరిచిపోరని పెద్దవాళ్ళందరికీ అలాగే పెట్టించారు. దగ్గరుండి పెట్టించిన వాళ్ళలో నువ్వూ ఉన్నావు. నీదీ అదేనా? అదే అయితే, పటం కట్టి ముందు గదిలో వేలాడదీసింది నేను. నీ తాళం చెవికే ఆమేన్ అన్నాం మేమంతా.

కార్డులు తీసేస్తే తెలిసిపోతుందని తీయలేదు. ఎవరని అనుకోను? అందరూ మనవాళ్ళే. అందరినీ అనుమానిస్తూ మోకాళ్ళ మీద ఉండటం నాకు చేతకావడం లేదు.

నీ అక్క,
సువార్తమ్మ

---

కొల్లేటికోట,
20 ఫిబ్రవరి

ప్రియమైన అక్కకు,

అదే అక్కా. అదే నా పాస్‌వర్డ్. గోడ ఒక్కటే కాదు. జనవరి మొదటి ఆదివారం గుడిలో నేను సాక్ష్యం చెప్పాను, గుర్తుందా? "ఈ ఏడాది నేను కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడల్లా నా వేళ్ళు మొదట కొట్టేది ఈ వాగ్దానమే" అన్నాను. మైకులో. ఊరంతా వినేలా.

నీకు దణ్ణం పెడతాను, నువ్వే వెళ్ళి నా పెట్టె తెరువు. దేవదానం పేరున్న ఉత్తరం తీసేయి. వెంటనే పాస్‌వర్డ్ మార్చు.

ఇక్కడ గాలి బాగాలేదు. మేనేజరు మనుషులు ఇల్లిల్లూ తిరుగుతున్నారు. "మాస్టారిని పడవలో తిప్పిందెవరండీ?" అని నవ్వుతూనే అడుగుతున్నారు. నిజంగా తెలియక అడుగుతున్నారో, తెలిసే బెదిరిస్తున్నారో అర్థం కావడం లేదు. అధికారేమో ఫోటోలు తీసినవాడి మాట ఒక్కటే చాలదంటున్నాడు. కళ్ళారా చూసిన ఇంకో మనిషి సంతకం కావాలట. ఈ నెలాఖరులోగా రాకపోతే అర్జీ మూసేస్తాడు.

దేవదానాన్ని అడిగాను. "వల పోతే మళ్ళీ అల్లుకుంటానండీ మాస్టారూ. మనిషి పోతే ఎవరల్లుతారండీ?" అన్నాడు. ఇంకోసారి అడగడానికి నాకు నోరు రాలేదు. అర్జీ పోతే పోనీ. ఆయనకేమీ కాకుండా ఉంటే చాలు.

నీ తమ్ముడు,
క్రాంతి

---

ఏలూరు,
28 ఫిబ్రవరి

ప్రభువునందు ప్రియమైన తమ్ముడు క్రాంతికి,

నీ పెట్టె తెరిచాను. దేవదానం పేరున్న ఉత్తరం తీసేశాను. పాస్‌వర్డ్ మాత్రం మార్చలేదు. కోపం తెచ్చుకోకుండా చదువు.

సోమవారం మీ ఊరికి పడవలు కదిలే ఆలపాడు రేవుకు వచ్చాను. ఎవరికీ చెప్పలేదు. మీ ఊరి అమ్మవారి గుడికి వెళ్ళే జనంతో కలిసి పడవ ఎక్కాను. పడవవాడు నా చేతులు చూసి, "కొబ్బరికాయ మరిచిపోయారాండీ?" అన్నాడు. "నేను చూడటానికి వచ్చాను నాయనా" అన్నాను. "చూడండి, చూడండి. కాయ కొట్టకపోయినా అమ్మ ఏమీ అనుకోదు లెండి" అన్నాడు. గట్లు పడవలోంచే కనబడ్డాయి. పచ్చి మట్టి. అటు పక్క నిండా నీళ్ళు, ఇటు పక్క బురదలో కొంగలు. చూడనిది చూశానని సంతకం పెట్టలేను కనుక బాగా చూశాను. నీ బడి గంట వినబడింది. నీ దగ్గరికి రాలేదు. నిన్ను చూస్తే వెనక్కి తగ్గుతానని.

మంగళవారం అధికారి ముందు నా పేరు రాసి సంతకం పెట్టాను. అక్కడి నుంచి నేరుగా ఫిరోజ్ కొట్టుకు వెళ్ళి నా పెట్టెలోంచి నీకు ఒక ఈ-మెయిలు రాశాను. పడవ, కొబ్బరికాయ మాట, గట్లు, సంతకం. అంతా నిజమే. దేవదానం ఊసు లేదు. అది నీ కోసం రాసింది కాదు. నీకంటే ముందు తెరిచేవాళ్ళ కోసం.

నిన్న పొద్దున రాజరత్నం వచ్చాడు. మన సండే స్కూల్లో నా దగ్గర అక్షరాలు దిద్దినవాడు. ఉప్మా పెడితే తిన్నాడు.

"ఈ వయసులో మీకు పడవ ప్రయాణాలు ఎందుకండీ అక్కగారూ? అదీ కొబ్బరికాయ లేకుండా" అని నవ్వాడు.

"ఆ మాట నీకెవరు చెప్పారు నాయనా?" అన్నాను.

నవ్వు అలాగే ఉండిపోయింది, మొహం మారింది. ప్లేటు పక్కకు జరిపాడు. "నాకూ ఆ చెరువుల్లో భాగం ఉందండీ" అన్నాడు. "మీ జోలికి ఎవరూ రాకుండా నేను చూసుకుంటాను. తమ్ముణ్ణి పడవలో తిప్పిన మనిషి పేరు ఒక్కటి చెప్పండి. ఎంత వెతికినా దొరకడం లేదండీ."

ఆ మాట కోసమే, క్రాంతీ, ఈ నెలంతా నేను మోకాళ్ళ మీద ఉన్నది. వాళ్ళు దేవదానం పేరు చూడలేదు. చూసి ఉంటే నన్ను అడగడు.

"సాక్షి పేరు సువార్తమ్మ. స్పెల్లింగు నేనే నేర్పాను కదా నీకు" అన్నాను. లేచి వెళ్ళిపోయాడు. చెప్పులు వేసుకునేటప్పుడు అలవాటు కొద్దీ "వందనాలండీ" అన్నాడు.

వాడు వెళ్ళాక పాస్‌వర్డ్ మార్చాను. అందులో ఏ వాక్యమూ లేదు, ఏ పేరూ లేదు. అదేమిటో కవరులో కూడా రాయను. శనివారం ఇంటికి వచ్చి నా నోటితో విను. ఇక ఇల్లు దాచేందుకేమీ లేదు, వాళ్ళే వచ్చి చూసి వెళ్ళారు. దేవదానానికి ఈ రోజే చెప్పు, ఆయన పేరు ఎక్కడా లేదని.

నాకు భయం లేదని రాయను. వీధి తలుపుకు రెండో గడియ కూడా పెడుతున్నాను. పుష్పమ్మను రాత్రిళ్ళు ఇక్కడే పడుకోమన్నాను. ఎందుకని అడగలేదు, దిండు తెచ్చుకుంది.

రేపు శుక్రవారం. కూడిక మనింట్లోనే. వాడు వస్తాడో రాడో తెలియదు. అందరితో పాటు వాడికీ చాప వేస్తాను.

నీ అక్క,
సువార్తమ్మ